మిరప విత్తనం: ఎంత దూరం అన్నది సగం ప్రశ్నే

మిరప తన పూవు పుప్పొడితో తానే కాయ కట్టుకునే పంట అని కొన్ని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అదే మిరపకు మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు ఫౌండేషన్ విత్తనానికి 400 మీటర్లు, ధ్రువీకృత విత్తనానికి 200 మీటర్లు వేర్పాటు దూరం ఉండాలంటాయి. నిజంగా తనలో తానే ఫలదీకరణం చెందే వరికి ఆ ప్రమాణాలు అడిగేది మూడు మీటర్లే. మిరపకు దగ్గర చుట్టమైన టమాటాకు కూడా 50, 25 మీటర్లతో సరిపెట్టాయి. అంటే ప్రమాణాలు రాసినవాళ్లు పాఠ్యపుస్తకంలోని ఆ వాక్యాన్ని నమ్మలేదన్నమాట. వాళ్లు నమ్మకపోవడం సబబే. అయితే సొంత విత్తనం కట్టుకునే రైతు దగ్గర, మిద్దె తోటలో నాలుగు కుండీలు పెట్టుకున్నవారి దగ్గర ఈ చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: రెండు రకాల మధ్య ఎంత దూరం ఉండాలి? ఆ ప్రశ్న అవసరమే గానీ సగమే అని నా వాదన. విత్తనం చెడిపోవడానికి తేనెటీగ ఎగిరే దూరం ఎంత కారణమో, జరిగిన కలుషితం మొదటి ఏడాది కంటికి కనపడకపోవడమూ, కనపడని తప్పు మీద ఏటేటా కొత్త విత్తనం కట్టుకుంటూ పోవడమూ అంతకన్నా పెద్ద కారణాలు.

ముందు పూవు సంగతి. మిరప పూవులో మగ, ఆడ భాగాలు రెండూ ఉంటాయి. తన పుప్పొడి తనకు పనికొస్తుంది కూడా. పురుగు పుట్రా లేని చోట మొక్కను కాస్త కుదిపినా కాయ కడుతుంది. కానీ పొద్దున్నే పూవు విచ్చుకున్నాక పరాగకోశాలు పగలడానికి కొంత సమయం పడుతుంది. కీలాగ్రం మాత్రం అప్పటికే పుప్పొడి అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ వ్యవధిలో ఏ ఈగ కాలికో అంటుకుని వచ్చిన పక్క మొక్క పుప్పొడిదే పైచేయి. దీనికి తోడు కొన్ని రకాల్లో కీలం పొడవుగా పెరిగి, కీలాగ్రం పరాగకోశాలను దాటి బయటికి పొడుచుకు వస్తుంది. అలాంటి రకం పరాయి పుప్పొడికి మరింతగా తలుపు తెరిచినట్టే. కీలం పొట్టిగా ఉండి పరాగకోశాల మధ్య మునిగి ఉన్న రకం చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. అందుకే మిరపలో ఇంత శాతం పరపరాగ సంపర్కం జరుగుతుందని ఒకే అంకె చెప్పేవారిని నేను నమ్మను. అమెరికాలో ఓడ్‌లాండ్, పోర్టర్ 1941లో ప్రకటించిన పరిశీలనలో అది 9 నుంచి 32 శాతం దాకా ఉంది. న్యూమెక్సికో పొలాల్లో టాంక్‌స్లీ 1984లో సగటున 42 శాతం చూశాడు. ఈ రెంటిలో ఒకటి తప్పు అనుకోనక్కరలేదు. రకం మారితే, పురుగుల సంఖ్య మారితే, మొక్కకూ మొక్కకూ ఎడం మారితే అంకె మారుతుంది. మిరపను ‘తరచుగా పరపరాగ సంపర్కం జరిగే పంట’ అని వేరే తరగతిలో పెట్టింది ఈ ఊగిసలాట చూసే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, చాలామంది దాన్ని దాటవేస్తారు. 42 శాతం అన్న మాట వినగానే విత్తనంలో దాదాపు సగం పాడైందని భయపడతారు. పరాయి మొక్క పుప్పొడి అంటే పరాయి రకం పుప్పొడి అని అర్థం కాదు. ఎకరం నిండా ఒకే సూటి రకం (సంకరం కానిది) ఉంటే, నడి చేలోని మొక్కకు వచ్చే పక్క పుప్పొడి తన తోబుట్టువులదే. అక్కడ ఎంత సంపర్కం జరిగినా రకానికి నష్టం లేదు. ఈగ మోసుకొచ్చే పరాయి రకం పుప్పొడి గట్టు దగ్గరి సాళ్లలోనే ఎక్కువగా ఖర్చయిపోతుంది. లోపలికి వచ్చేసరికి చేనులోని సొంత పుప్పొడి దాన్ని పలచబరుస్తుంది. అందుకే పెద్ద చేలో గట్టువార సాళ్లను వదిలి నడిమధ్య నుంచి విత్తనపు కాయ కోసుకోవడం, చూడటానికి మోటు పద్ధతిలా ఉన్నా, శాస్త్రానికి నిలిచే పద్ధతి. దీనికి పూర్తి వ్యతిరేక పరిస్థితి మిద్దె తోటది. ఒక కుండీలో బజ్జీ మిరప, పక్కన బెంగుళూరు మిరప, ఆ పక్కన పైకి నిక్కి కాసే సన్న మిరప, ఒక్కోటి రెండేసి మొక్కలు. అక్కడ వాలిన ఈగ చాలాసార్లు ఒక రకం నుంచి ఇంకో రకానికే పోతుంది. పరపరాగ సంపర్కం పది శాతమే జరిగినా అందులో ఎక్కువ భాగం పరాయి రకంతోనే. మిద్దె తోటల వారు ఒకరికొకరు విత్తనాలు పంచుకోవడం మంచి అలవాటు. కానీ మిరప దగ్గర ఆ చిన్న పొట్లం మీద రాసిన పేరును అంతగా నమ్మడానికి లేదు.

ఈ ముచ్చట వచ్చినప్పుడల్లా ఒక అపోహ కూడా తలెత్తుతుంది: పక్కన కారం మిరప నాటాం, అందుకే ఈ ఏడు బెంగుళూరు మిరప కారమెక్కింది అని. అలా జరగదు. మనం తినే కాయ తోలు, కండ, గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి ఈనె, ఇవన్నీ తల్లి మొక్క కణజాలం. కారం పుట్టేది ఆ ఈనెలోనే. వచ్చిన పుప్పొడి ప్రభావం లోపలి గింజలోని పిండం మీదే. దాని ఫలితం ఆ గింజ మొలిచి మొక్క అయ్యి కాయ కాసినప్పుడే బయటపడుతుంది. ఈ ఏడు కాయలో తేడా ఉందంటే పోయినేటి విత్తనంలో తేడా ఉందని, లేదా నీటి ఎద్దడి, ఎండ వంటి కారణాలున్నాయని అర్థం. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ సమస్య మొత్తం ఇందులోనే ఉంది. తప్పు ఒక ఏడు జరిగితే ఆనవాలు మరో ఏడు కనిపిస్తుంది. కొన్నిసార్లు ఆ మరో ఏడు కూడా కనపడదు.

ఎందుకు కనపడదంటే మిరపలో కొన్ని లక్షణాలు మరికొన్నిటిని కప్పేస్తాయి. కారం ఉండటం ప్రధాన లక్షణం. కారం లేకపోవడం అణిగి ఉండే లక్షణం. ఈ తేడాకు మూలమైన పన్1 అనే జన్యువును కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో గుర్తించారు. ఎరుపు పసుపును అణుస్తుంది. కిందికి వేలాడే కాయ పైకి నిక్కే కాయను అణుస్తుంది. ఇప్పుడు దీన్ని మన చేలకు అన్వయించి చూడండి. బెంగుళూరు మిరప విత్తనం కట్టుకునేవాడికి కలుషితం మరుసటి ఏడే నాలుక మీద తెలిసిపోతుంది. పసుపు కాయ రకం కట్టుకునేవాడికి చెట్టు మీదే ఎర్రగా కనిపిస్తుంది. కానీ గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల్లో వేసేవి అత్యధికం ఎర్రగా పండి, కిందికి వేలాడే, కారం ఉన్న రకాలే. లాం పరిశోధన స్థానం వదిలిన ఒక సూటి రకానికి పక్క చేలోని సంకర రకం పుప్పొడి తగిలితే పుట్టే మొదటి తరం మొక్క కూడా ఎర్రగా, వేలాడుతూ, కారంగానే కాస్తుంది. పైగా సంకర జవం వల్ల కాస్త ఏపుగానూ ఉండొచ్చు. విత్తనానికి మంచి మొక్క ఎంచుకోమంటే రైతు కన్ను సరిగ్గా దాని మీదే పడుతుంది. ఏరివేయవలసిన కేళీని, అంటే రకానికి చెందని మొక్కను, ఏరి మరీ విత్తనానికి పెట్టుకోవడమంటే ఇదే. ఆ మొక్క అసలు రంగు దాని పిల్లల్లో, అంటే రెండేళ్ల తర్వాత, పొడుగు పొట్టి కాయలుగా, ముందూ వెనకా పండే చెట్లుగా విడిపోయినప్పుడు బయటపడుతుంది. అప్పుడు రైతు అనేది ‘రకం పాతబడింది’ అని. రకానికి వయసు రాదు. అందులో కలిసినదే బయటికి వచ్చింది.

‘సొంత విత్తనం దాస్తే పంట చెడింది’ అన్న ప్రతి ఫిర్యాదుకూ ఈగనే దోషిని చేయడం కూడా సరికాదు. పది గ్రాముల ప్యాకెట్లలో అమ్మే సంకర విత్తనంతో పండించిన కాయ నుంచి గింజలు తీసి నాటితే, పక్కన పది కిలోమీటర్ల దాకా మరో మిరప మొక్క లేకపోయినా, పంట చెదిరిపోతుంది. సంకర రకంలో ఇద్దరు తల్లిదండ్రుల లక్షణాలు జంటగా దాగి ఉంటాయి. తరువాతి తరంలో అవి రకరకాలుగా విడిపోతాయి. మగ వంధ్యత్వం ఆధారంగా తయారైన సంకర రకమైతే ఆ పిల్లల్లో కొన్ని పుప్పొడి లేని మొక్కలు కూడా రావచ్చు. వేర్పాటు దూరం, దోమతెర, ఇవేవీ దీనికి మందు కావు. ఇంకో దోషి కాయకుళ్ళు. ఆ శిలీంధ్రం గింజతో పాటే మరో ఏడాదికి ప్రయాణం చేస్తుంది. మొజాయిక్ తరహా వైరస్‌లలో కొన్ని గింజ పైపొరను అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే లీటరు నీటికి 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి విత్తనం నానబెట్టి కడగమని మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. తాలుకాయ, మచ్చకాయ తీసేసి విత్తనం కట్టుకుంటే సగం సమస్యలు తీరతాయి. పరాయి పుప్పొడి లెక్క వీటన్నిటినీ పక్కన పెట్టిన తర్వాత మిగిలేది.

మిగిలేది చిన్నదేమీ కాదు, ఒక లెక్క వేసి చూద్దాం. ఒక చేలో ఏటా నూటికి ఐదు గింజలకు పరాయి రకం తండ్రి అనుకుందాం. గింజలో తండ్రి వాటా సగం కాబట్టి ఆ ఏడు రకంలో చేరే పరాయి పాలు రెండున్నర శాతం. మొదటి ఏడు ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ విత్తనం మీదే మళ్లీ విత్తనం, దాని మీద మళ్లీ విత్తనం కట్టుకుంటూ, ఏరివేత లేకుండా పదేళ్లు గడిస్తే పరాయి పాలు సుమారు 22 శాతానికి చేరుతుంది. అదే రైతు పదేళ్లలో మూడుసార్లే విత్తనం కట్టుకుని, మధ్య ఏళ్లలో దాచిన విత్తనమే వాడుకుంటే, మిగతా జాగ్రత్తలేవీ లేకపోయినా అది ఏడు శాతం దగ్గరే ఆగుతుంది. ఏటా కట్టుకోవడమే సొంత విత్తనానికి గుర్తు అన్న భావన మనలో బలంగా ఉంది. మిరప విషయంలో ఆ భావన మార్చుకోవాలని నేనంటాను. తక్కువసార్లు కట్టుకోవాలి, కట్టుకున్నప్పుడు గట్టిగా కట్టుకోవాలి. ఎనిమిది శాతం లోపు తేమకు ఆరబెట్టి, గాలి చొరని సీసాలో, చల్లని చోట పెట్టిన మిరప గింజ రెండు మూడేళ్లు నిలుస్తుంది. ధ్రువీకరణ ప్రమాణాలు మొలక 60 శాతం ఉంటే చాలంటాయి. నారుమడిలో ఇంకాస్త ఒత్తుగా పోసుకుంటే ఆ లోటు తీరుతుంది.

అలా కట్టుకోవడానికి ఎన్ని మొక్కలు కావాలి? నలభై మొక్కలు చాలు. మొక్కకు 50 కాయలు, కాయకు 60 గింజలు అని తక్కువలో వేసుకున్నా 1,20,000 గింజలు. అరవై సెంటీమీటర్ల ఎడంతో ఎకరాకు పట్టేది 11 వేల పైచిలుకు మొక్కలు. నారులో పోయేవి పోగా, సన్నకారు రైతుకు కొన్నేళ్లకు సరిపడే విత్తనం ఆ నలభై మొక్కల్లోనే ఉంది. నలభై మొక్కల మీద పందిరి కట్టి, పూత మొదలయ్యే ముందే దోమతెర కప్పి, పొద్దుటిపూట కొమ్మలు కాస్త కుదుపుతూ ఉండటం ఎవరికీ మోయలేని భారం కాదు. మామూలు దోమతెర తేనెటీగను ఆపుతుంది గానీ తామర పురుగును ఆపదు. 2021లో మన మిరప చేల మీద విరుచుకుపడిన నల్ల తామర పురుగు పూవుల్లోనే గుమిగూడి బతుకుతుంది. అది కూడా కొంత పుప్పొడిని మోయగలదు కాబట్టి ఇంకా సన్న కళ్ల వల దొరికితే మేలు. రెండు మూడు మొక్కలే ఉన్న మిద్దె తోటవారికి పందిరి కూడా అక్కరలేదు. మొగ్గలున్న ఒక కొమ్మకు పలుచని గుడ్డ సంచి కట్టి, లోపల పిందె పడగానే సంచి తీసేసి ఆ కాయల తొడిమలకు రంగు దారం కట్టుకుంటే చాలు. దారం ఉన్న కాయే విత్తనానికి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. మన తాతలు ఏ తెరా కట్టలేదు, ఏ లెక్కా వేయలేదు, వాళ్ల రకాలు చెడలేదు కదా అని. వాళ్ల చుట్టూ ఉన్న పొలం వేరు. ఊరంతా ఒకే నాటు రకం వేసినప్పుడు పక్క చేను పుప్పొడి కూడా సొంత పుప్పొడే. ఇవాళ ఒకే గట్టుకు అటు తేజ రకం, ఇటు ఏదో కంపెనీ సంకర రకం, నడుమ నాటు రకం ఉంటున్నాయి. పైగా తాతల రకాలు చెడలేదన్నది పూర్తి నిజం కూడా కాదు. అవి మారుతూనే వచ్చాయి. మిరప ఈ నేలకు వచ్చింది పోర్చుగీసు వారితో, పదహారో శతాబ్దంలో. ఆ తర్వాతి నాలుగైదు వందల ఏళ్లలోనే గుంటూరు సన్నం, కర్ణాటక బ్యాడగి, మన చపాటా వంటి అంత భిన్నమైన రకాలు రూపు కట్టాయి. రైతు ఎంపికతో పాటు చేలో జరిగిన సంపర్కానికీ అందులో పాలు ఉండి తీరుతుంది.

అందులోంచే రెండో అభ్యంతరం వస్తుంది, ఇది మొదటిదానికన్నా బరువైనది. కలిసిపోవడమే వైవిధ్యానికి పుట్టిల్లయితే దాన్ని అడ్డుకోవడం దేనికి? కొత్త రకం కోరేవాడికి ఈ వాదన చెల్లుతుంది. అతడు తేడా మొక్కను గుర్తించి, వేరుగా పెంచి, ఏడెనిమిది తరాలు ఎంచుకుంటూ పోవాలి. ఆ ఓపిక ఉన్నవారికి దండం పెడతాను. ఉన్న రకాన్ని ఉన్నట్టు నిలుపుకోవాలనుకునేవాడికి మాత్రం గమనించకుండా జరిగే సంపర్కం వల్ల ఒరిగేదేమీ లేదు. న్యూమెక్సికో అనుభవం దీనికి మంచి సాక్ష్యం. అక్కడ 1950లలో విడుదలైన 6-4 అనే రకం దశాబ్దాల పాటు చేతులు మారి, రుచీ కారమూ పలచబడి, పాత మాదిరి కాకుండా పోయింది. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు జాతీయ జన్యు నిధిలో అతిశీతల స్థితిలో దాచి ఉంచిన పాత విత్తనం తెప్పించి, దాని నుంచి తిరిగి ఎంపిక చేసి ‘హెరిటేజ్ 6-4’ పేరుతో విడుదల చేయవలసి వచ్చింది. వాళ్లను కాపాడింది పొలాల మధ్య దూరం కాదు, పక్కన పెట్టి ఉంచిన పాత విత్తనం. ప్రతి రైతుకూ అతిశీతల గిడ్డంగి ఉండదు. కానీ మొదటి ఏడు విత్తనంలో ఒక గుప్పెడు తీసి, తేదీ వేసి, కదపకుండా ఉంచుకోవడం ఎవరికైనా సాధ్యమే. మూడో ఏట అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

చివరిగా, ఎలాగూ అందరూ సంకర రకాలే వేస్తున్నప్పుడు ఈ గొడవంతా ఎవరి కోసం అన్నది మూడో ప్రశ్న. దానికి జవాబు చపాటా. టమాటాలా గుండ్రంగా, ముదురు ఎరుపుతో, తక్కువ కారంతో ఉండే వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. తరతరాలుగా రైతులు సొంత విత్తనంతో నిలుపుకుంటూ వచ్చిన రకం ఇది. దాని ధరంతా రంగు మీద, తక్కువ కారం మీద ఆధారపడింది. చుట్టూ ఘాటైన సన్న రకాలు ఉన్న చోట దాని విత్తనంలో పరాయి పాలు పెరిగితే పేరు కాగితం మీద మిగిలి, గుణం చేలో నుంచి జారిపోతుంది. గుర్తింపు పత్రం పుప్పొడిని ఆపలేదు. చట్టం వైపు నుంచి అడ్డేమీ లేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికి, మార్చుకోవడానికి, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోవడానికి కూడా హక్కు ఇస్తుంది. లోటు ఉన్నదల్లా పద్ధతిలోనే. ఊరికి ఒక చేను, తెర కింద నలభై మొక్కల చొప్పున రెండు మూడు పందిళ్లు ఉంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. చపాటాలోనే సింగిల్ పట్టీ, డబుల్ పట్టీ, ఓడలు అని కాయ తీరును బట్టి భేదాలున్నాయి. వాటన్నిటినీ ఒకే అచ్చులో పోయాలని చూడటం నాటు రకాన్ని నాశనం చేయడమే. కాబట్టి ఏది రకంలోని సొంత తేడా, ఏది బయటి నుంచి వచ్చిన తేడా అని ముందే ఊళ్లోని పెద్ద రైతులు కూర్చుని తేల్చుకోవాలి.

ఒక విషయంలో చపాటా రైతు అదృష్టవంతుడు. గుండ్రటి కాయకూ సన్నటి పొడుగు కాయకూ సంపర్కం జరిగితే పిల్ల మొక్క కాయ సాధారణంగా మధ్యస్థంగా వస్తుంది కాబట్టి మొదటి తరంలోనే దొరికిపోతుంది. అరవై మొక్కలు పెంచి చూస్తే, విత్తనంలో ఐదు శాతం కలుషితం ఉన్నట్టయితే కనీసం ఒక్కటైనా పట్టుబడే అవకాశం 95 శాతం. కానీ పట్టుకునే వేళ ముఖ్యం. కాయ తీరు తెలిసేసరికి ఆ కేళీ మొక్క ఎన్నో రోజులుగా పూస్తూ పక్క మొక్కలకు పుప్పొడి పంచి ఉంటుంది. దాన్ని పీకేసి ఊరుకుంటే చాలదు. అప్పటికే చుట్టూ పిందెలుగా ఉన్నవాటిలో దాని పాలు ఉంటుంది. పూవు నుంచి పండు కావడానికి యాభై రోజుల దాకా పడుతుంది. కాబట్టి మొదటి కోత కాయలన్నీ అమ్మకానికి పంపి, కేళీలు ఏరేశాక వచ్చిన పూత నుంచి కాసి పండిన రెండో, మూడో కోత కాయలనే విత్తనానికి కల్లంలో వేరుగా పోసుకోవాలి.